అత్త బిట్టు, కోడలు బిట్టు

నా నోట్లో ముందు పళ్ళు మూడు లేవు. బోరు బండి మీద రాడ్డు విప్పుతుంటే పానా జారి మూతికి తగిలింది. పోవలసింది పళ్ళు కాదు, వాటి వెనకున్న నాలుక అనీ, ఆ పానాకి గురి కుదరలేదనీ మా ఆవిడ ఇప్పటికీ బాధపడుతూ ఉంటుంది. నేనూ కాదనను. ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు మా మాస్టారు కూడా దాదాపు ఈ మాటే అన్నారు, పానా ఊసు లేకుండా.

పళ్ళు ఊడిన రోజున మావ నా గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎండ వైపు తిప్పాడు. నోరు తెరిపించాడు. అరిగిన బిట్టుని చూసినట్టు అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. నాకు రక్తం కారుతోంది, కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన తీరిగ్గా చూసి, "పరవాలేదు. మెత్త నేలకి పనికొత్తాడు" అని తేల్చి, మళ్ళీ లివర్ల దగ్గరికి పోయాడు.

మావంటే నాకు చుట్టమేమీ కాదు. బోరు బండి మీద లివర్లు పట్టే డ్రిల్లరు. నేను ఆయన కింద రాడ్లు బిగించేవాణ్ణి. ఆయనది విజయనగరం పక్క పల్లపు ఊరు, మాది అరకు దగ్గర. బండి మీద అందరం ఆయన్ని మావా అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని ఏమేం అనేవాడో రాస్తే ఎవరూ అచ్చు వెయ్యరు. నన్ను మాత్రం రేడియో అనేవాడు. అదొక్కటే రాయదగ్గది.

ఆయన పోయిన సంగతి నాకు చికెన్ తింటుంటే తెలిసింది. నేనిప్పుడు బోరు బండి మానేసి ఊళ్ళల్లో చేతి పంపులు బాగుచేసుకుంటున్నాను. మోటారు సైకిలు వెనక పానాల సంచీ, ముందు నేనూ నా వాగుడూ. ఆ రోజు అరకు రోడ్డు మీద బొంగులో చికెన్ కాల్చే పాక దగ్గర ఆగాను. టూరిస్టులు కాలుతున్న బొంగుతో ఫోటోలు దిగుతున్నారు. నేను పొయ్యి వైపు చూశాను. మూడు రాళ్ళుండవలసిన చోట మూడు అరిగిపోయిన బిట్లు బోర్లించి ఉన్నాయి.

బిట్టంటే తెలియనివాళ్ళకి చెబుతాను. బోరు బండి రాడ్ల చివర గాలితో కొట్టే సుత్తి ఉంటుంది. దాని మూతికి తొడిగే ఇనప దిమ్మ బిట్టు. ముఖం నిండా గోళీల్లాంటి గట్టి గుళ్ళు పొదిగి ఉంటాయి, వాటిని మేం పళ్ళంటాం. సుత్తి కొడుతుంది, బిట్టు తిరుగుతుంది, పళ్ళు రాయిని నమిలి పిండి చేస్తాయి, గాలి ఆ పిండిని పైకి ఊదుతుంది. ఇంక ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళక్కర్లేదు.

ఆ మూడింటి పక్కనా ఉలితో కొట్టిన గాట్లున్నాయి. అవి ఎవరి గాట్లో నాకు తెలుసు. ఇవెక్కడివని పాకవాణ్ణి అడిగాను. బొర్రా గుహల దగ్గర కార్లు నిలబెట్టించే ముసలాయన ఇచ్చాడని చెప్పాడు. ఆయన దగ్గర ఇంకా ఉన్నాయా అంటే, బొంగు తిప్పుతూనే అన్నాడు: "ఆయన పోనాడు కదన్నా. సలి తగ్గకముందే పోనాడు. నీకు తెల్దేటి?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి, అత్తలు ముగ్గురూ మళ్ళీ పొయ్యి దగ్గరికే చేరారన్నమాట అన్నాను. పాకవాడికి అర్థం కాలేదు. అర్థమయ్యేవాడు లేడు. ఈ మధ్య నవ్వించడం కూడా కూలిపనిలాగే ఉంటోంది. సాయంత్రానికి నడుం నొప్పొస్తుంది.

అత్తల సంగతి చెప్పాలి. మావ బిట్లకి వావి వరసలు పెట్టుకున్నాడు. కొత్తది కోడలు. సగం అరిగింది వదిన. బాగా అరిగి నున్నబడింది అత్త. అరిగిన కొద్దీ పక్కన ఉలితో ఒక గాటు పెట్టేవాడు. గాట్లు పెరిగిన కొద్దీ వాటి పెద్దరికం పెరిగేది. గోనెసంచుల్లో చుట్టి, గ్రీజు పూసి, తన సీటు వెనక పెట్టుకునేవాడు. మేం ముట్టుకుంటే పూనకం వచ్చేది. కొత్తగా పనిలో చేరినవాడెవడో ఒకసారి అత్త మీద కూర్చుని సద్దన్నం తిన్నాడు. మావ వాడితో బండి దిగేదాకా మాట్లాడలేదు. బోరు బండి మీద మాట్లాడకపోవడం పెద్ద శిక్షేమీ కాదు, కంప్రెషరు మోతలో ఎలాగూ ఏమీ వినబడదు. కానీ మావ మాట్లాడకపోవడం ఆ మోతలో కూడా తెలిసేది.

ఆ మోతకే ఆయన ఎడమ చెవి పోయింది. కుడి చెవి బాగానే పనిచేసేది. ఎవరు మాట్లాడినా కుడి చెవి తిప్పి వినేవాడు. నేను జోకు మొదలుపెట్టగానే మాత్రం తల మెల్లగా తిరిగి ఎడమ చెవి నా వైపు వచ్చేది. అన్నేళ్ళు ఆ చెవికే జోకులు చెప్పాను. రాయిని నవ్వించవచ్చునేమో గానీ మావని నవ్వించలేమని బండి మీద అందరికీ తెలుసు.

రాయి సంగతికొస్తే, ఆయన దాన్ని తినేవాడు. అబద్ధం కాదు. పైకొచ్చిన పిండిని చిటికెడు తీసి నోట్లో వేసుకుని, ముందు పళ్ళ మధ్య నలిపి, ఉమ్మేసి, బిట్టు మార్చాలో వద్దో చెప్పేవాడు. ఎర్రగా, పిండిలా, నాలుకకి అంటుకుంటే మట్టి. దానికి మూడు చక్రాల బిట్టు, మెల్లగా. పసుపు పచ్చగా, మధ్యమధ్య కెంపుల్లాంటి ఎర్ర గింజలు తగిలితే కుళ్ళు రాయి. మొన తేలిన పళ్ళ బిట్టు, తొందరగా, పక్కల నుంచి కూలకముందే. నల్లగా, పంటి కింద గాజు ముక్కలా కరకరలాడితే నల్లరాయి. దానికి చదును ముఖం, గుండ్రటి పళ్ళు, బోలెడంత ఓపిక. నల్లరాయి మీద మొన పళ్ళు పెడితే మొనలు విరిగి మన కాళ్ళ దగ్గరికే వస్తాయి. కుళ్ళు రాయికి గుండ్రటి పళ్ళు పెడితే ముఖమంతా బురద పట్టి, పాయసంలో గరిటె తిప్పినట్టు తిరుగుతుంది. "రాయి అడిగిందేటి, నువ్వు వడ్డిత్తన్నదేటి?" ఇది ఆయన రోజూ అనే మాట.

ఇంత తెలిసిన మనిషి తప్పు చెయ్యడనుకోకండి. చేసేవాడు. చేసి, ఒప్పుకునేవాడు కాదు. సున్నపు రాయంటే నా కొడుకులాంటిది అనేవాడు బొర్రా వైపు పనికి వెళ్ళినప్పుడు. ఆ నేల మీద బిట్టు వెన్నలో చాకులా దిగింది. దిగి, దిగి, ఒక్కసారిగా జారిపోయింది. రాడ్లు దడదడమన్నాయి. కంప్రెషరు గాలి కొడుతూనే ఉంది, పిండి మాత్రం పైకి రావడం మానేసింది. అంత గాలీ ఎటు పోతోందో తెలియదు. మావ బండి ఆపించి, నేల మీద బోర్లా పడుకుని, కన్నానికి కుడి చెవి ఆనించాడు. చాలాసేపు లేవలేదు. లేచి, మట్టి దులుపుకుంటూ చెప్పాడు, కింద ఎవడింట్లోనో పడ్డామని. కింద గుహ ఉంది. ఎవరూ చూడని గుహ, దీపాలు పెట్టని గుహ. మా సుత్తి, బిట్టు అందులోకి వేళ్ళాడి ఎక్కడో ఒరుసుకుని ఇరుక్కుపోయాయి. రాలేదు. ఆ వదిన అక్కడే ఉండిపోయింది.

బోరు బండికి సుత్తి పోవడమంటే చిన్న సంగతి కాదు. ఓనరు పల్లంలో ఉంటాడు, ఫోన్లో ఉంటాడు. ఇంకొక్కసారి సుత్తి కన్నంలో వదిలి వస్తే లివర్లు ఇంకొకడికి ఇచ్చేస్తానని తెగేసి చెప్పాడు. మావ అప్పటికే ముసలివాడు. ఈ బండి దిగితే ఇంకో బండి ఎక్కించుకునేవాడు లేడు. ఆ తర్వాత ఆయన బిట్లు పెట్టే పద్ధతిలో భయం చేరింది. కొత్తవాటిని బయటికి తియ్యడం తగ్గించాడు. అత్తతో గడిస్తే కోడలెందుకు అనేవాడు.

అలా ఉండగా ఒక చైత్రంలో మమ్మల్ని కొండ మీది ఊరికి పంపించారు. కొత్తగా రోడ్డు వేశారు, అంతకుముందు ఆ ఊరికి మనుషులు తప్ప ఏదీ ఎక్కేది కాదు. ఊళ్ళో బోరు లేదు. ఆడవాళ్ళు కింది లోయలో ఊటకి దిగి నీళ్ళు మోసుకొస్తారు. ఓనరు చెప్పింది ఇంతే: ఒక్క కన్నం వెయ్యండి, పడినా పడకపోయినా దిగిపోండి, కింద ఇంకో ఊరు కాచుకుని ఉంది, కొత్త బిట్టు ఆ ఊరికి కావాలి, అరగదియ్యకండి.

అవి ఇటుకల పండగ రోజులు. తెలియనివాళ్ళకి ఇదీ చెబుతాను. ఆ రోజుల్లో మగవాళ్ళు వేటకని అడవికి పోతారు. ఇప్పుడు అడవిలో దొరికేదేమీ లేదు గానీ, పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు గడ కట్టి, పాడుతూ, వచ్చే పోయే బళ్ళని ఆపుతారు. వేటకెళ్ళిన మగవాడు ఉత్త చేతులతో వస్తే వాడి మీద పేడ నీళ్ళు చల్లుతారు. వాడు తుడుచుకుని నవ్వాలి. అది పద్ధతి.

మా బండిని గడ దగ్గర ఆపారు. అంత పెద్ద ఇనప గొట్టం వాళ్ళు చూడలేదు. దీన్నేసుకుని ఎక్కడికని ముందు నిలబడ్డ ఆవిడ అడిగింది. ఆవిడ పేరు బుద్రి. వీపున బిడ్డని కట్టుకుని ఉంది. మావ నోరు విప్పేలోపే నేను తల బయటికి పెట్టి, మేమూ వేటకే వచ్చామప్పా, నీళ్ళని కొట్టి తెస్తాం అన్నాను. అప్పంటే మా వైపు అక్క. ఆడవాళ్ళందరూ నవ్వారు. గడ ఎత్తారు. నేను మావ వైపు గర్వంగా చూశాను. ఎడమ చెవి కనబడింది.

ఊరి పెద్ద చూపించిన చోటు ఇళ్ళ మధ్య ఉంది. ఎవరూ దూరం నడవక్కర్లేకుండా అక్కడే కావాలన్నాడు. మావ సాధారణంగా బండి నిలబెట్టే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, రాళ్ళు తన్ని చూసేవాడు. ఆ రోజు తిరగలేదు. ఎక్కి వస్తున్నప్పుడు కొత్త రోడ్డు కోసం తెగ్గొట్టిన గట్టు చూశాడు. పై నుంచి కింది దాకా పసుపు పచ్చటి కుళ్ళు రాయి, ఎర్ర గింజలు. కొండంతా ఇదే అనుకున్నాడు. గోనెసంచీ విప్పి, మొన పళ్ళ బిట్లలో బాగా ముసలి అత్తని తీశాడు. ఊరివాళ్ళు చుట్టూ చేరి నీళ్ళు పడతాయా అని అడిగారు. ప్రతి ఊళ్ళోనూ అడుగుతారు. ప్రతి ఊళ్ళోనూ ఆయన చెప్పే జవాబు ఒకటే: "నీళ్ళు నన్నడక్కండి. కన్నం అడగండి. తిన్నగా ఏత్తాను."

తిన్నగానే వేశాడు. పిండి పచ్చగా వచ్చింది, ఎర్ర గింజలు వచ్చాయి, పిల్లలు వాటిని ఏరుకున్నారు. తర్వాత పిండి రంగు మారింది. బూడిదయింది, నల్లబడింది. సుత్తి మోత మారింది, అడుగున ఎవరో అమ్మోరి గంట కొడుతున్నట్టుంది. మావ చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. ఉమ్మలేదు. కాసేపు అలాగే నమిలాడు.

ఇక్కడ మా పనిలో ఒక చిక్కుంది. బిట్టు అరిగితే పళ్ళే కాదు, చుట్టుకొలతా తగ్గుతుంది. అత్త తవ్విన కన్నం ఇరుకు. అందులోకి కోడల్ని దించితే దారిలోనే పట్టుకుంటుంది, పైకీ రాదు, కిందికీ పోదు. అందుకని ఎప్పుడూ ముందు కొత్తది, తర్వాత పాతది. ఇది బోరు బండి మీద మొదటి రోజే చెప్పే మాట. అది నాకు చెప్పినవాడే మావ. ఇప్పుడు అడుగున నల్లరాయి ఉంది. దానికి కోడలు కావాలి. అత్తని ముందు పంపాం కాబట్టి కోడలికి దారి లేదు.

ఓనరుకి ఫోన్ చేశాం. ఎండు కన్నమని రాసి దిగిపొమ్మన్నాడు. రాడ్లు విప్పాం. మావ ఎవరి ముఖమూ చూడలేదు. నేను కూడా ఏమీ అనలేదు, అప్పటికి అదో రికార్డు.

దిగుతుంటే గడ మళ్ళీ అడ్డంగా ఉంది. ఈసారి ఆడవాళ్ళు పాడటం లేదు. బుద్రి చేతిలో తపేలా ఉంది. మేమూ వేటగాళ్ళమేనని వాళ్ళకి చెప్పింది నేనే కదా, పొద్దున, తల బయటికి పెట్టి. నేను సీటు కిందికి దూరాను. మావ ఆ పక్క తలుపు తీసుకుని దిగాడు. ఆమె తపేలా ఎత్తి మొత్తం ఆయన మీద కుమ్మరించింది. తల మీద నుంచి, మీసం మీద నుంచి, చొక్కా మీద నుంచి కారింది. ఆయన అక్కడే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని, కడుక్కోవడానికి కాసిని నీళ్ళిప్పించమ్మా అన్నాడు, అలసిపోయిన గొంతుతో.

బుద్రి అంది: "కడుక్కోడానికి నీళ్ళెక్కడివి బాబూ? ఆ ఊటకి పోయి జారిపడి మా అత్త మంచం పట్టీసింది. పేడ కలిపింది కూడా నాను మోసుకొచ్చిన నీళ్ళే. నీకు కావాలంటే తవ్వుకుని కడుక్కో."

మావ నవ్వాడు. నేను సీటు కింద నుంచి విన్నాను. గలగలా కాదు, కంప్రెషరు ఆపేటప్పుడు చివర్న బుస్సుమన్నట్టు, అంతే. కానీ నవ్వే. అన్నేళ్ళు ఆ మనిషి చుట్టూ తిరిగి నేను సంపాదించలేనిది ఆమె ఒక్క తపేలాతో సంపాదించింది. నా మీద పేడ పడనందుకు సంతోషించాలో, ఆ నవ్వు నాకు దక్కనందుకు ఏడవాలో తెలియలేదు.

"బండి తిప్పండ్రా," అన్నాడు మావ.

మర్నాడు పొద్దున్నే పాత కన్నానికి పక్కన కొత్తది మొదలుపెట్టాం. ఈసారి చుట్టూ తిరిగాడు, రాళ్ళు తన్నాడు. ముందు మూడు చక్రాల వెడల్పు బిట్టు పెట్టి మట్టీ, కుళ్ళు రాయీ దాటించాడు. పక్కలు కూలకుండా ఇనప గొట్టం దించి నల్లరాయి నెత్తిన కూర్చోబెట్టాడు. అప్పుడు గోనెసంచీ విప్పి కోడల్ని తీశాడు. చదును ముఖం, గుండ్రటి పళ్ళు, గ్రీజు తుడిస్తే మెరిసింది. సుత్తికి తొడిగి, బిగించింది చాలక ఇంకోసారి బిగించాడు. ఒంటి మీద పేడ ఎండి చెక్కు కట్టింది, కడుక్కోలేదు. ఎవరో బిందెతో నీళ్ళు తెస్తే వద్దన్నాడు.

ఓనరు ఫోన్ చేశాడు. మావ ఫోన్ తీసుకుని ఎడమ చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు ఊఁ ఊఁ అన్నాడు. జేబులో పెట్టేసుకుని లివరు నొక్కాడు.

నల్లరాయిలోకి కోడలు అంగుళం అంగుళం దిగింది. ఆయన ఒక అరచెయ్యి తిరుగుతున్న రాడ్డు పక్కనున్న ఇనప గుంజ మీద ఆనించి ఉంచాడు, జ్వరం చూస్తున్నట్టు. పొద్దు నెత్తికెక్కింది. చూసీ చూసీ ఊరివాళ్ళు ఇళ్ళకి పోయారు. బుద్రి మాత్రం గట్టు మీద కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. పొద్దు వాలుతుండగా పిండి తడిసింది, ముద్దలయింది, తర్వాత అసలు రావడం ఆగింది. మేం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. అప్పుడు కన్నం దగ్గింది. బురద, బూడిద రంగు నీళ్ళు, బండి నెత్తి మీదుగా.

దానితోపాటే కింద ఏదో విరిగిపడిన చప్పుడయింది. నీళ్ళున్న చోట రాయి బీటలు వారి ఉంటుంది. ఆ ముక్కలు సుత్తి మీద కూలాయి. రాడ్లు తిరగడం మానేశాయి. పైకి లాగితే రాలేదు. గట్టిగా లాగే మార్గం ఉంది. జాకీలు పెట్టి పెకలించవచ్చు. కానీ అలా పెకలిస్తే ఇనప గొట్టం కదులుతుంది, దాని వెనకున్న కుళ్ళు రాయంతా లోపలికి కూలుతుంది, కన్నం పూడుకుపోతుంది. సుత్తి దక్కుతుంది, నీళ్ళు పోతాయి.

జాకీలు తియ్యమంటావా మావా అని అడిగాను. బురద నీళ్ళు ఇంకా ఉబుకుతున్నాయి. పిల్లలు అందులో గెంతుతున్నారు. బుద్రి గట్టు దిగి వచ్చి దోసిలి పట్టి నిలబడింది. మావ ఆ దోసిలి వైపు చూశాడు, లివర్ల వైపు చూశాడు, తన సీటు వెనక గోనెసంచుల వైపు చూశాడు. ఆయన ముఖంలో ధైర్యమేమీ కనబడలేదు. ఒళ్ళు నలిగిపోయిన మనిషి, ఎలాగైనా సరే ఈ పని ముగిసిపోతే చాలనుకునే మనిషి కనబడ్డాడు.

"వద్దు. రాడ్లు విప్పీండి," అన్నాడు. "కోడల్ని ఈ ఊరికిచ్చీసినాం."

రాడ్లని వెనక్కి తిప్పి సుత్తి పై నుంచి విప్పుకుని తీసేశాం. సుత్తీ, కొత్త బిట్టూ అడుగున ఉండిపోయాయి. ఆ తర్వాత ఆయన చొక్కా విప్పి, ఆ బూడిద రంగు నీళ్ళతో తల మీది పేడ కడుక్కున్నాడు. నీళ్ళు తేటబడేదాకా కడుక్కుంటూనే ఉన్నాడు.

కొండ దిగగానే ఓనరు మాట నిలబెట్టుకున్నాడు. మావ గొడవ పడలేదు. అరిగిపోయిన అత్తల్ని మాత్రం ఇమ్మని అడిగి, గోనెసంచీలో వేసుకుని భుజాన పెట్టుకుని పోయాడు. ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తుంటే, నేను వెనక నుంచి అత్తల్ని మోసే అల్లుణ్ణి నిన్నే చూశాను మావా అని అరిచాను. ఏ చెవి ఇటు ఉందో గమనించలేదు. ఆగలేదు.

తర్వాత ఆయన బొర్రా గుహల దగ్గర కార్లు నిలబెట్టించే పనిలో కుదిరాడు. మెళ్ళో ఈల, చేతిలో ఎర్రగుడ్డ. ఒకసారి అటు వెళ్ళినప్పుడు కలిశాను. కారు వెనక్కి పెట్టించేటప్పుడు కూడా ఒక అరచెయ్యి డిక్కీ మీద ఆనించి ఉంచేవాడు. నేను టీ తాగించి, ఇన్నేళ్ళూ కన్నాలు వేసి చివరికి కన్నానికే కాపలా కాస్తున్నావా మావా అన్నాను. ఎడమ చెవి వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన గుహ వైపు చూస్తూ చెప్పాడు, సెలవు రోజున టికెట్ లేకుండా లోపలికి వెళ్ళి గోడలు చేత్తో తడిమి చూస్తుంటాడట. ఎక్కడా బిట్టు గీత లేదట. "మనం నీళ్ళ కోసం రాయి తవ్వినాం. ఇక్కడ నీళ్ళే రాయిని తవ్వీసినాయి. బేగి అవాలనీ లేదు, సుత్తీ లేదు," అన్నాడు. తర్వాత, నా వైపు తిరగకుండానే, ఆ కొండ మీది బోరు పనిచేస్తోందా అని అడిగాడు. చేస్తోందన్నాను. ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. అదే ఆఖరు చూడడం.

చికెన్ పాక దగ్గర కబురు విన్న తర్వాత ఆ వారంలోనే ఆ కొండెక్కాను. పంపులో వాషరు పోయిందని కబురొచ్చి అప్పటికే కొన్నాళ్ళయింది, బద్ధకించాను. రోడ్డు గుంతలు పడింది. పంపు చుట్టూ సిమెంటు గట్టు కట్టారు, పక్కన అరటి మొక్కలు వేశారు. ఆ రోజు వీపున ఉన్న బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. వాషరు మార్చి, పంపు కొట్టి చూశాను. చల్లటి నీళ్ళు వచ్చాయి. బుద్రి బిందె పెట్టింది. ఆమెకి అప్పుడు చెప్పాను, మావ పోయాడని.

ఆమె బిందె వదిలేసింది. నిండి పొర్లుతున్నా చూడలేదు. దోసిలి పట్టి, నీళ్ళు పట్టుకుని, పంపు మొదట్లో మెల్లగా వదిలింది. ఆమె పెదవులు కదిలాయి, వాళ్ళ భాషలో ఏదో అంది. నాకు ఆ నిశ్శబ్దం పడదు. ఎప్పుడూ పడలేదు. దాన్ని దాటడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే.

"బతికినన్నాళ్ళూ కన్నాలేసినాడు. ఆఖరికి తానే ఓ కన్నంలోకి పోనాడు కదప్పా," అని నవ్వాను.

బుద్రి నవ్వలేదు. తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. ఊడిన పళ్ళ సందు దాకా నా నోటిని పరీక్షగా చూసింది, అచ్చు ఆ రోజు మావ చూసినట్టే.

"ఆయనేసిన కన్నంలోంచి ఇప్పటికీ నీళ్ళొత్తన్నాయి తమ్ముడూ," అంది. "నీ నోరూ కన్నమే కదా. అందులోంచి ఇన్నాళ్ళూ ఏటొచ్చింది?"